కింది బాణం, ఒక్కసారే

ఎదురుగా కూర్చుని, చెయ్యి చాచి, బటన్ నొక్కి కంప్యూటర్ ఆన్ చేసుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, ఏ యుగంలో ఉన్నారు వీళ్ళు? నేను మా ఇంటి కంప్యూటర్‌ను ఆఫీసు నుంచి నిద్ర లేపుతాను. ఫోన్‌లో ఒక బొమ్మ మీద వేలు పెడితే చాలు, ఊరికి అటు చివర మా ముందు గదిలో అది ఉలిక్కిపడి లేస్తుంది!

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నా కంప్యూటర్‌లో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇమిడాయి. మొదటిది మా అమ్మాయి ఆటలకి. రెండోది నా రాతలకి. ఈ కాలమ్ పుట్టేది అందులోనే; రాత్రి ఇంట్లో ఆపిన చోటు నుంచి మధ్యాహ్నం ఆఫీసులో కూర్చునే అందులోకి వెళ్ళి రాసుకుంటాను. మూడోది మా ఆఫీసులో పక్క సీటు అకౌంటెంట్ కుళ్ళుకోవాలని పెట్టించాను. దాని పాస్‌వర్డ్ ఆ రోజే మర్చిపోయాను.

ఇక్కడొక చిన్న ఇబ్బంది ఉంది. కాదు కాదు, వరం ఉంది. లేచిన కంప్యూటర్ ఈ మూడింట్లో ఏది కావాలని తెర మీద అడిగి, పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. ఎవరూ పలక్కపోతే మొదటిదాంట్లోకి, అంటే ఆటల్లోకి వెళ్ళిపోతుంది. నా రాతలను మొదట పెట్టుకోవచ్చుగా అంటారా? మా అమ్మాయి ఒప్పుకోదు. ఇంట్లో నేను ఎన్నో వరసలో ఉన్నానో ఆ మెనూ చూస్తే తెలిసిపోతుంది.

ఆ మెనూ ఆఫీసులో ఉన్న నాకు కనబడదు. అందుకని ఇంట్లో ఎవరో ఒకరు దాని ఎదుట నిలబడి, కింది బాణం ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టాలి. ఆ వేళకి నా భార్య తన ఆఫీసులో, అమ్మాయి కాలేజీలో ఉంటారు. మిగిలింది మా అత్తగారు.

చూశారా, సైన్స్ బంధుత్వాలను ఎలా కలుపుతుందో! అంతకుముందు ఏళ్ళ తరబడి అత్తా అల్లుళ్ళం భోంచేశారా అంటే అయిందనుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఫోనే. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని, గోడ పట్టుకుని, ముందు గదిలోకి వస్తారు. నడవమని చెప్పింది డాక్టరు, నడిపిస్తున్నది నేను!

రాసింది పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చుగా అన్నాడు అకౌంటెంట్. కుళ్ళుబోతు మాటలు ఇలాగే ఉంటాయి.

మొన్న మాత్రం పీకల మీదికి వచ్చింది. సాయంత్రంలోగా కాలమ్ చేరకపోతే ఆ జాగాలో పరుపుల ప్రకటన వేస్తానని ఎడిటర్ కబురు పెట్టారు. ఇదివరకోసారి వేశారు కూడా. పాఠకుల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఈసారీ వేస్తే జాగా పరుపులదే, నేను రోడ్డు మీద!

బొమ్మ మీద వేలు పెట్టి, అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడ కంగారులో బాణం మీద వేలు అలాగే ఉంచేసి ఎంటర్ కొట్టారు. నేరుగా మూడోదాంట్లోకి వెళ్ళింది. వెళ్ళి, పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంది.

ఫోన్‌లోనే దారి చెప్పాను. "అత్తయ్యగారూ, డబ్బాకి ముందువైపు గుండ్రటి బటన్ ఉంటుంది. ఆరిపోయేదాకా దాన్ని నొక్కి పట్టుకోండి. తర్వాత నేను ఇక్కణ్ణుంచి మళ్ళీ లేపుతాను."

ఆరిపోయిందన్నారు. నేను ఫోన్‌లో బొమ్మ వెతుక్కుంటుండగా అటునుంచి నింపాదిగా అడిగారు.

"ఇదే బటన్ నొక్కితే లేవదా అల్లుడుగారూ? నేనెలాగూ ఇక్కడే ఉన్నాను కదా."

నొక్కారు. లేచింది. ఈసారి బాణం ఒక్కసారే నొక్కారు. కాలమ్ వెళ్ళింది, పరుపులు ఓడిపోయాయి.

ఇంటికెళ్ళి ఈ విజయం వర్ణిస్తే నా భార్య నవ్వలేదు. చీకటితో లేచి ఇంటెడు పనీ చేసే వాళ్ళమ్మకి నడుం వాల్చే వేళ అదొక్కటేనట. నా ఫోన్ వచ్చిందంటే ఇక ఆ పూటకి మళ్ళీ కన్ను అంటుకోదట. అల్లుడికి చెప్పడానికి ఆవిడకి మొహమాటమట.

అయినా సరే, దూరం నుంచి నిద్ర లేపడం గొప్ప విద్యేనని నేనిప్పటికీ వాదిస్తాను. ఎటొచ్చీ, ఇన్నాళ్ళూ నేను లేపింది కంప్యూటర్‌ను కాదు, అప్పుడే కునుకు పట్టిన అత్తగారిని.

ఈ వారం కాలమ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. అకౌంటెంట్‌కి చెప్పకండి.