డబ్బాకు కొత్త బుర్ర

ఆదివారం పొద్దున లిఫ్టాయన గడ్డం గీసుకున్నాడు. మామూలుగా ఆదివారాలు గీసుకోడు. చూసేవాళ్లెవరున్నారని? కానీ ఈ సాయంత్రం నాలుగింటికి అక్క వీడియోలోకి వస్తుంది. ఆలోగా ఇంట్లో వైఫై డబ్బాను దారిలో పెట్టాలి. ఆ రోజుకి ఆయన పెట్టుకున్న పని అదొక్కటే.

ఆయన ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. కాపురం లిఫ్టు లేని భవనంలో, రెండో అంతస్తులో. ఈ సంగతి చెప్పి ఎవరినైనా నవ్వించాలని చాలాసార్లు అనుకున్నాడు గానీ మనిషి దొరకలేదు. ఇరుగుపొరుగు ఒకప్పుడు తలుపు తట్టేవారు, పాస్‌వర్డ్ కోసం. అడిగినవాళ్లందరికీ ఇచ్చాడు. ఇచ్చాక ఇంక తట్టవలసిన పని ఎవరికీ లేకపోయింది.

అక్కకు పుట్టుకతోనే వినపడదు. మాట లేదు. బడి మొహం చూడలేదు, కాబట్టి రాతా లేదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చేతులతో ఒక భాష అల్లుకున్నారు. లోకంలో అది తెలిసినవాళ్లు వాళ్లిద్దరే. అక్క ఊరికి ఆ చివర ఒక బేకరీలో రొట్టెల రేకులకు నూనె రాస్తుంది, ఆ వెనక గదిలోనే ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయాయి. తమ్ముడి మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు. అందుకని వారానికోసారి వీడియో, అదీ ఇంట్లో వైఫై ఉంటేనే.

పోయిన వారం ఆయన ధైర్యం చేసి, "నా దగ్గరికొచ్చి ఉండిపో" అని చేతులతో అడిగాడు. అక్క చెయ్యి ఎత్తింది. అది గుండె మీదికి దిగితే వస్తానని. బయటికి విసిరితే రానని. చెయ్యి ముక్కు దాకా వచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది. ఎంత కొట్టుకున్నా మళ్లీ కదల్లేదు. వారమంతా ఆ చెయ్యి ఆయన కళ్లముందు ముక్కు దగ్గరే ఉంది. బస్సెక్కి వెళ్లి అడగవచ్చు. కానీ ఎదురుగా కాదనిపించుకుని, తిరుగు బస్సులో ఒక్కడూ కూర్చుని రావడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

ఆయనతో పనిచేసే మెకానిక్ ఒకడున్నాడు. అందరూ సర్వజ్ఞుడంటారు. తెలియని విషయం లేదు, చేసిన పనీ లేదు. ఫోను చేస్తే వెంటనే ఎత్తాడు.

"అన్నా, నీ డబ్బా మంచిదే. కంపెనీవాడు దాని బుర్రలో పెట్టిన ఫర్మ్‌వేర్ ఉంది చూశావా, అది చచ్చుది. దాన్ని తీసేసి వేరేది ఎక్కించామనుకో, గుర్రమే!"

"స్క్రూడ్రైవర్ ఏ సైజు?"

"అయ్యో రామా, స్క్రూడ్రైవర్ ఎందుకన్నా? లాప్‌టాప్‌కి వైరుతో తగిలించు. నేను పంపే ఫైలు అందులోకి ఎక్కించు. దీపం మిణుక్కుమంటున్నంతసేపూ మాత్రం దాని జోలికి పోకు. అంతే."

"నువ్వు ఎక్కించావా ఎప్పుడైనా?"

"నాకేం ఖర్మ? మాది బాగానే నడుస్తోందిగా!"

లిఫ్టాయన చెప్పింది చెప్పినట్టే చేశాడు. ఫైలు ఎక్కడం మొదలైంది. దీపం మిణుక్కుమంది. అది అలా మిణుక్కుమంటుంటే ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు కనబడింది, డబ్బా వెనక దుమ్ము. వేలెడు మందాన ఉంది. బుర్ర కొత్తదైతే ఒళ్లు ఇలా ఉండటం బాగుండదనిపించింది. గుడ్డ తెచ్చాడు. ఉద్యోగంలో చేరిన రోజున పెద్ద మేస్త్రి నేర్పిన మొదటి పాఠం, ముందు కరెంటు ఆపాలి, ఆ తర్వాతే యంత్రం మీద చెయ్యి పడాలి అని. ఆ పాఠం వల్లే ఆయన పది వేళ్లూ ఇప్పటికీ పదిగానే ఉన్నాయి. చెయ్యి తనంతట తాను వెళ్లి స్విచ్చి ఆపేసింది. శుభ్రంగా తుడిచాడు. మళ్లీ స్విచ్చి వేశాడు.

డబ్బా తళతళలాడింది. దీపం ఎర్రబడి అలాగే ఉండిపోయింది.

"ఆపేశావా?" అన్నాడు సర్వజ్ఞుడు ఫోన్లో. "సగంలోనా?"

"దుమ్ముంది."

"ఇంక దాన్ని ముట్టుకోకు. మా ఆవిడని బజారుకి తీసుకెళ్లాలి. అటునుంచి అటే వచ్చేస్తా."

ఫోను పెట్టాడో లేదో తలుపు చప్పుడైంది. ఎదురింటి టీచరమ్మ. ఇంట్లోంచే పిల్లలకు లెక్కలు చెబుతుంది.

"బాబాయ్‌గారూ, మీకు కోపమొచ్చింది కదూ?"

"కోపమా? లేదమ్మా. అదే ఆగిపోయింది."

"ఆపేసినవాళ్లందరూ అలాగే అంటారండీ. మాదే తప్పు. ఇన్నాళ్లూ వాడుకుంటున్నాం, ఒక్కపూట పలకరించిన పాపాన పోలేదు."

వెళ్లిపోయిందనుకున్నాడు. ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని మళ్లీ వచ్చింది. వెనకే కింది ఇంటి దర్జీ, చేతిలో ప్యాంటుతో.

"పొడుగు తగ్గించమని ఇచ్చారు గుర్తుందాండీ? కాస్త ఆలస్యమైంది."

"ఎప్పుడిచ్చానో గుర్తులేదు."

"నాకూ లేదు లెండి. మీ నడుం అప్పట్లాగే ఉందా?"

ఆ మాట పూర్తి కాకుండానే పైఇంటి గుమాస్తా ఒక నిచ్చెన దించుకుంటూ వచ్చాడు. "తిరిగిచ్చేద్దామని రోజూ అనుకుంటూనే ఉన్నానండీ, ఒట్టు!"

లిఫ్టాయన అబద్ధం ఆడే మనిషి కాదు. "మీ మీద నాకేం లేదు. డబ్బా పాడైంది. నేనే పాడుచేశాను" అన్నాడు.

"చూశారా, ఎంత మర్యాదగా దెప్పుతున్నారో!" అంది టీచరమ్మ. మిగతా ఇద్దరూ తలలు వంచుకున్నారు.

ఇంక చెప్పి లాభం లేదని టీ తాగాడు. ఇంట్లో ఉన్నది ఒక్క కుర్చీ. దర్జీ ఉపాయం చెప్పాడు. రెండు రంగుడబ్బాల మీద నిచ్చెనను పడుకోబెట్టి, ముగ్గురూ దాని మీద వరసగా కూర్చున్నారు. మాటా మాటా కలిసింది. లిఫ్టులు బాగుచేసేవాడికి ఉండటానికి లిఫ్టు లేని ఇల్లు దొరికిన సంగతి ఆయన చెప్పాడు. దర్జీ తొడ చరుచుకుని మరీ నవ్వాడు. టీచరమ్మ భర్త నవ్వు విని వచ్చాడు. గుమాస్తా భార్య, భర్త ఏమైపోయాడా అని దిగి వచ్చింది. లిఫ్టాయన వాళ్లకు లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లికొడుకు కథ చెప్పాడు. తనకు ఇన్ని కథలు వచ్చునని ఆయనకే తెలియదు. గోడ గడియారం వైపు ఒక్కసారైనా చూడలేదు. నాలుగు దాటిపోయింది.

అవతల బేకరీలో అక్క ఫోన్లో తమ్ముడి బొమ్మ నొక్కింది. పలకలేదు. మళ్లీ నొక్కింది. ఎప్పుడూ మొదటి గంటకే ఎత్తే మనిషి. ఫోను పట్టుకెళ్లి బేకరీ యజమానికి చూపించి భోరుమంది. ఆయనకు మాత్రం ఇంకేం అర్థమవుతుంది? రొట్టెల వ్యాను తీయించాడు. ఆ భవనానికి లిఫ్టు లేదని గుర్తొచ్చి, మనిషిని కిందికి దించడానికి అవసరమవుతారని దిట్టంగా ఉన్న ఇద్దరు పనివాళ్లను ఎక్కించుకున్నాడు.

మెట్ల దగ్గర అక్క మోకాళ్లు మొరాయించాయి. దాంతో తమ్ముణ్ణి దించడానికి వచ్చిన మనుషులు అక్కను రొట్టెల పెట్టె మీద కూర్చోబెట్టి పైకి మోశారు. తలుపు బార్లా తెరిచి ఉంది. గదినిండా జనం. యజమాని టోపీ తీసి, గుమ్మంలో ఉన్న టీచరమ్మను మెల్లగా అడిగాడు.

"ఎప్పుడమ్మా?"

"పదకొండింటికండీ. ఏం చెప్పను, ఉన్నట్టుండి!"

"అయ్యో. డాక్టర్‌కి కబురు పెట్టలేదా?"

"డాక్టరెందుకండీ? మెకానిక్ వస్తున్నాడట, బజారు పని చూసుకుని."

యజమాని నోరు తెరిచాడు. అంతలో శవమే లేచి నిలబడి, "టీ తీసుకుంటారా?" అని అడిగింది.

పనివాళ్లు పెట్టెను దించారని అనలేం, వదిలేశారు. అక్క ఒక్క ఉదుటున లేచి, గుమ్మంలోనే తమ్ముడి వీపు మీద రెండు చరిచింది. తర్వాత వాటేసుకుంది. అప్పుడు చూశాడు ఆయన, ఆమె చంకలో బట్టల సంచి.

అక్క చేతులు గబగబా కదిలాయి. పోయిన వారమే వస్తానన్నాను కదా. పొద్దున్నే సంచి సర్దుకున్నాను. నువ్వేమో పలకవు.

చెయ్యి గుండె మీదికే దిగిందన్నమాట. లిఫ్టాయన సంచి అందుకోబోయాడు.

అప్పుడు అక్క ఆయన భుజం మీదుగా గదిలోకి చూసింది. నిచ్చెన మీద వరసగా మనుషులు, చేతుల్లో కప్పులు, ఇంకా పూర్తిగా ఆరని నవ్వులు. టీచరమ్మ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించి, "బాబాయ్‌గారు లేకపోతే మాకు ఒక్క పూట గడవదమ్మా" అంది. నిజమే చెప్పింది. అక్కకు వినపడలేదు. టీచరమ్మ ముఖం మాత్రం కనబడింది.

అక్క ముఖం విచ్చుకుంది. చేతులు నెమ్మదిగా కదిలాయి. నువ్వు ఒక్కడివే ఉన్నావనే వద్దామనుకున్నాను. నాకు ఆ రొట్టెల వాసన వదిలి ఉండాలని లేదురా. ఇంత మంది ఉన్నారు నీకు. నేనెందుకు?

కాదని చెప్పబోయాడు. డబ్బాను చూపించాడు. జనాన్ని చూపించాడు. మళ్లీ డబ్బాను చూపించాడు. వాళ్ల భాష చిన్నతనంలోనే ఆగిపోయింది, అందులో వైఫై లేదు. వీళ్లంతా కలిసి ఆ పెట్టె బహుమతిగా ఇచ్చారు కాబోలు అనుకుని అక్క దాన్ని మెచ్చుకుంది. ఆమె ముఖం అంత తేలికపడటం ఆయన ఎన్నడూ చూడలేదు. ఏడేళ్ల పిల్లలా ఉంది. ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు.

"పదండి పదండి, బట్టీలో రొట్టెలు మాడిపోతాయి" అన్నాడు యజమాని. అక్క పెట్టె మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ దిగిపోయింది.

వాళ్లు అటు వెళ్లగానే ఇటు సర్వజ్ఞుడు వచ్చాడు, కూరగాయల సంచితో. డబ్బా వెనక చిన్న కన్నంలో పిన్నీసు పెట్టి నొక్కాడు, ఏదో తిట్టుకున్నాడు, ఫైలు మొదటినుంచీ ఎక్కించాడు. ఈసారి లిఫ్టాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. దీపం పచ్చబడింది.

గదిలో అందరి జేబులూ ఒక్కసారి టింగుటింగుమన్నాయి. టీచరమ్మ భర్త కప్పు కింద పెట్టాడు. టీచరమ్మ ఫ్లాస్కు తీసుకుంది. "పిల్లలు ఎదురుచూస్తుంటారండీ." దర్జీ ఫోను చూసుకుంటూనే మెట్లు దిగాడు. గుమాస్తా భార్యను ముందు పంపి, తను కాస్త తటపటాయించాడు.

"నిచ్చెన... బల్బు మార్చాలండీ. ఒక్క రోజు పట్టుకెళ్తాను."

సర్వజ్ఞుడు గుమ్మంలో ఆగి, "చెప్పానా అన్నా, గుర్రమేనని?" అని వెళ్లిపోయాడు.

ఎవరో కుర్చీలో మరిచిపోయిన రుమాలు ఉంటే, లిఫ్టాయన మడత పెట్టి కిటికీలో ఉంచాడు. కప్పులు కడిగాడు. తుడుస్తుండగా ఫోను మోగింది. అక్క. బొమ్మ అద్దంలా ఉంది. కనుబొమ మీద అంటిన పిండి కూడా కనబడుతోంది. క్షేమంగా చేరానంది, రొట్టెలు మాడలేదంది. ఆ తర్వాత కళ్లు చికిలించి ఆయన వెనక్కి చూసింది. చేతులు అడిగాయి, మీవాళ్లంతా ఏరీ?

ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. లోపలి గదిలో ఉన్నారని చెప్పాడు.

ఆ ఇంటికి ఉన్నది ఒకటే గది.