మంత్రిగారు తట్టి చూసిన డిప్ప

ఇకమీదట దేశంలో ఏ ఒక్క పెంపుడు తాబేలు డిప్పా మెత్తబడటానికి వీల్లేదని గృహప్రాణి సంక్షేమ మంత్రిగారు రాజధానిలో ప్రకటించారు. ఆ మాట రేడియోలో వచ్చేసరికి సెనెగల్ తీరంలో, జోవాల్ ఊళ్లో, ఆ శాఖ అధికారి మాలమిన్ బాజీ చేపలన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కునేలోగా పథకం ఆయన నెత్తిన పడింది.

మాలమిన్ సామాన్యుడు కాడు. పని జరిగినట్టు కనిపించేలా చేయడంలో ఆ తీరం మొత్తంలో ఆయన్ని మించినవాడు లేడు. జీపేసుకుని ఇల్లిల్లూ తిరిగి, పెరళ్లలోని తాబేళ్లన్నిటినీ పోగుచేయించి సమావేశ మందిరంలో పెట్టించాడు. చేపలు ఎండబెట్టుకుని అమ్ముకునే తెనింగ్ సార్ మాత్రం గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమె తాబేలు పేరు తాత. పళ్లెమంత కూడా లేదు గానీ, మొహం చూసి పెట్టిన పేరు.

"మా తాతకేం రోగం నాయనా? ఎండలో పడుకుంటాడు, గడ్డి తింటాడు. డిప్ప రాయిలా ఉంది."

"అందుకేనమ్మా కావాలి. గట్టిగా ఉన్నవాటిని గట్టిపరచడం తేలిక."

తాత కూడా జీపెక్కాడు. మందిరంలో ఏసీ బిగించారు. ఎండ పడకుండా తెరలు కట్టారు. గడ్డికి బదులు మెత్తటి రొట్టె, దానిమీద దోసిళ్లతో కాల్షియం పొడి. వాటిని చూడ్డానికి రావాల్సిన మంత్రిగారి పర్యటన ఒకసారి వాయిదా పడింది, మళ్లీ పడింది. వానాకాలం వచ్చి వెళ్లింది. మంత్రిగారు రాలేదు గానీ, తాబేళ్ల డిప్పలు అంచుల్లో అట్టముక్కల్లా వంగసాగాయి.

పశువైద్యురాలు వచ్చి చూసి, ఎండ తగలకపోతే ఎంత కాల్షియం తిన్నా ఒంటికి పట్టదని చెప్పింది. మాలమిన్ శ్రద్ధగా విన్నాడు. ఎండ తమ శాఖ పరిధిలోకి రాదనీ, వాతావరణ శాఖతో మాట్లాడతాననీ హామీ ఇచ్చాడు. ఈలోగా పొడి మోతాదు పెంచాడు.

ఒకనాడు తెనింగ్ కాపలావాణ్ణి తోసుకుని లోపలికొచ్చి, తాత డిప్పని బొటనవేలితో నొక్కింది. సొట్ట పడింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తాతని పైబట్టలో చుట్టుకుని వెళ్లిపోతుంటే మాలమిన్ పక్కకి జరిగి దారిచ్చాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ఒకరికి దారివ్వడం అదే మొదలు. ఆమె వెనకే ఊరంతా వచ్చి ఎవరి తాబేలుని వాళ్లు పట్టుకుపోయారు.

మర్నాడే మంత్రిగారు బయల్దేరారని కబురు.

మాలమిన్ టూరిస్టులకి బొమ్మలమ్మే కొట్టుకి పరుగెత్తి, అక్కడ అలంకారానికి పెట్టిన పెద్ద తాబేలు డిప్ప ఒకటి తెచ్చాడు. లోపల ఏమీ లేదు. నూనె రాసి, ఎర్రగుడ్డ పరిచిన బల్లమీద కూర్చోబెట్టాడు.

మంత్రిగారు వేలితో తట్టారు. టక్కుమంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"తల బయటపెట్టదేం?"

"తమరంటే గౌరవమండీ."

"కదలదా?"

"తమరి ఉపన్యాసం అయ్యేదాకా కదలదండీ."

మంత్రిగారు పొద్దువాలేదాకా మాట్లాడారు. అది కదల్లేదు. ఇంత శ్రద్ధగా విన్నవాళ్లని తన రాజకీయ జీవితంలో చూడలేదని మెచ్చుకుని, దాన్ని తన కార్లోనే రాజధానికి తీసుకెళ్లారు.

ఆనాటినుంచి మాలమిన్‌కి నిద్ర లేదు. రేవువైపు వెళ్తే, తెనింగ్ ఇంటిముందు తాత ఎండలో కూర్చుని, ఒడ్డుకి కొట్టుకొచ్చిన సున్నపు ముక్కలాంటి తెల్లటి కటిల్ చేప ఎముకను కొరుకుతూ కనిపించేవాడు. డిప్ప మళ్లీ గట్టిపడుతోంది. తెనింగ్ మాత్రం మాలమిన్ వైపు చూసేది కాదు. ఉద్యోగం నేడో రేపో ఊడుతుందని ఆయన భార్యకి చెప్పేశాడు కూడా.

చివరికి మంత్రిగారి కార్యదర్శి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మాలమిన్ లేచి నిలబడి అందుకున్నాడు.

"మాలమిన్ గారూ, మీ తాబేలు ఇక్కడ బ్రహ్మాండంగా తింటోంది. రోజూ గంపెడు ఆకుకూర చాలడం లేదు. బరువు కూడా పెరిగింది. ఒంటరిగా దిగులుపడుతోందని మంత్రిగారు బాధపడుతున్నారు. వెంటనే దానికి ఒక జోడీని పంపండి."

మాలమిన్ కుర్చీలో కూర్చుని కాగితం, కలం అందుకున్నాడు.

"అలాగేనండీ," అన్నాడు. "ఆడదాన్ని పంపమంటారా, మగదాన్నా?"