ఎనిమిదో థీమ్

ప్రపంచంలో ఇంతవరకు రాసిన కథలకూ, ఇకముందు రాయబోయే కథలకూ కలిపి మొత్తం ఏడే థీమ్‌లు ఉన్నాయని ఆంగ్ల సాహిత్య భావ నిర్ధారణ విభాగం వారు తేల్చి చెప్పారు. ఎనిమిదోది ఎవరికైనా కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా వెంటనే మండల కార్యాలయానికి తెలియజేయాలని కూడా ఉత్తర్వులో ఉంది. హైస్కూలు పిల్లలకు సాహిత్య దృష్టి అలవడాలంటే ఇంతకు మించిన మార్గం లేదని ఆ ఉత్తర్వు చదివినవాళ్లంతా ఒప్పుకున్నారు. (చదవనివాళ్లు అంతకు ముందే ఒప్పుకున్నారు.)

ఆ ఏడూ ఏవంటే హానెస్టీ, పర్సివరెన్స్, ఫ్రెండ్‌షిప్, పేట్రియాటిజం, హార్డ్ వర్క్, లవ్ ఆఫ్ నేచర్, క్లీన్లీనెస్. చివరిదాన్ని పారిశుద్ధ్యం వారి ప్రత్యేక కోరిక మీద చేర్చారు. ఇంగ్లీషు వాచకంలోని ప్రతి పాఠానికీ వీటిలోంచి ఒకటి కేటాయించారు. ఒకే పాఠానికి రెండు థీమ్‌లు ఉండటం దుబారా కిందికి వస్తుంది.

దీనికి 'భావదర్శిని' అని ఒక యాప్ ఉంది. పిల్లలు రాసిన జవాబును టీచరు ఫోటో తీసి అందులోకి ఎక్కించాలి. పాఠానికి కేటాయించిన థీమే పిల్లలు కూడా కనుక్కుని ఉంటే పచ్చ గుర్తు వస్తుంది. లేకపోతే ఎర్ర గుర్తు వచ్చి, ఆ విద్యార్థిని 'పునాది' సెక్షన్‌లోకి మార్చమంటుంది. మొదట్లో 'ఇతరములు' అని ఒక మీట ఉండేదట. టీచర్లందరూ దాన్నే నొక్కుతున్నారని తీసేశారు.

ఆత్రేయపురం పక్కనున్న మా ఊరి హైస్కూల్లో నేను తల్లిదండ్రుల కమిటీ సభ్యుణ్ణి. (ఎన్నిక రోజున నేను వెళ్లలేదు. అందుచేత ఏకగ్రీవం.) కాబట్టి థీమ్‌లతో పాటు వచ్చిన పదోన్నతి పథకం గురించి కూడా నాకు అధికారికంగా తెలుసు. పిల్లల ఇంగ్లీషు పదాలను ఉన్నత స్థాయికి చేర్చడం దీని లక్ష్యం. పేరు చూసి ప్రమోషన్లనుకుని మా స్కూల్లో కొందరు టీచర్లు దరఖాస్తులు కూడా పెట్టుకున్నారు. ఈ పథకం కింద గుడ్, బ్యాడ్, హ్యాపీ, శాడ్ అనే మాటలకు పదవీ విరమణ ఇచ్చేశారు. వాటి స్థానంలో నోరు తిరగని మాటల్ని నియమించి, స్కూలు ఆవరణలో ఉన్నంతసేపూ అవే వాడాలన్నారు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. పదో తరగతి అమ్మిరాజు మధ్యాహ్న భోజనం తర్వాత హెడ్మాస్టరు గారి గదికి వెళ్లి, తన కడుపు మెలాంకలీగా ఉందని ఇంగ్లీషులో విన్నవించుకున్నాడు. ఆయన పరవశించిపోయి సెలవిచ్చారు. మా కాలవ గట్టు మీద దోమలు యుబిక్విటస్ అయ్యాయి. మా అమ్మాయి హారతి తొమ్మిదో తరగతి. ఒకనాడు అన్నం తింటూ "అమ్మా, పప్పు ఎక్స్‌క్విజిట్‌గా ఉంది" అంది. మా ఆవిడ కంగారుపడి, "ఉప్పెక్కువైందేంటే?" అని గిన్నెలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

ఇలా సాహిత్యం దినదినాభివృద్ధి చెందుతున్న రోజుల్లోనే మా హారతి బెంచీలో కూర్చునే తబిత ఎనిమిదో థీమ్ కనిపెట్టింది.

తబిత తండ్రి విజయ్ పాల్ లాకుల దగ్గర ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆ పిల్లకి చదువు పిచ్చి. పాఠ్యపుస్తకాల పిచ్చి కాదు, అది ఉంటే ఏ ఇబ్బందీ లేకపోయేది. మా స్కూల్లో లైబ్రరీ పీరియడు అని ఒకటుంది. మిగతా పిల్లలు ఆ పీరియడులో బయట ఆడుకుంటారు, తబిత ఒక్కతే బీరువా ముందు నేల మీద కూర్చుని చదువుతుంది. పునాది సెక్షన్‌కి ఆ పీరియడు లేదు. చదవడంలో వెనకబడ్డ పిల్లలు కాబట్టి వాళ్లకి పుస్తకాలు అనవసరమని విభాగం వారి అభిప్రాయం.

వాచకంలో ఒక కథ ఉంది. పిల్లలు దాన్ని గొడుగు పాఠం అంటారు. రేవులో పడవ నడిపే ఒక మనిషి, ఎవరో ప్రయాణికుడు మర్చిపోయిన గొడుగు పట్టుకుని, వానలో తడుచుకుంటూ, అవతలి గట్టున అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చేస్తాడు. ఆ ఇంట్లో కాసేపు కూర్చుని టీ తాగి తిరిగొస్తాడు. అంతే కథ. దీనికి హానెస్టీ కేటాయించారు.

తబిత మాత్రం, "ఈ కథ థీమ్ లోన్లీనెస్" అని రాసింది. ఇంగ్లీషు చెప్పే హైమ టీచరు ఆ జవాబును రెండుసార్లు చదివి, స్టాఫ్ రూములో అందరికీ చూపించి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ తర్వాతే యాప్‌లోకి ఎక్కించింది. ఎర్ర గుర్తు వచ్చింది. ఆమె ఊరుకోకుండా 'అభ్యంతరం' అన్న మీట నొక్కింది. ఆ మీటను నొక్కిన మొదటి మనిషి ఆమేనట. అది పనిచేస్తుందని విభాగం వారికే తెలియదు.

దాంతో మండల భావ నిర్ధారణాధికారి పల్లంరాజు గారు విచారణకు వస్తున్నట్టు కబురు పెట్టారు.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పకపోతే తర్వాతి సంగతి బోధపడదు. మా గోదావరి జిల్లాల్లో ఎదటి మనిషి మొహం మీద కాదనడం మర్యాద కాదు. సంబంధం నచ్చకపోయినా, పెళ్లివారికి కాఫీ ఇచ్చి "అలాగేనండి, కబురు చేస్తామండి" అంటాం. వాళ్లూ "మంచిదండి" అని లేచి, దారిలో వేరే సంబంధం మాట్లాడుకుంటారు. మేం "అవునండి" అన్నామంటే మీరన్నది విన్నామని అర్థం. అంతకు మించి ఏమీ లేదు. పల్లంరాజు గారిది కూడా ఈ జిల్లాయే కాబట్టి ఇది ఆయనకీ తెలుసు. కాకపోతే ఉద్యోగంలో ఉన్నంతసేపూ ఆయనది ఏ ఊరూ కాదు.

విచారణలో సందేహం వస్తే రచయితను సంప్రదించాలని నిబంధన. (రచయిత జీవించి లేనిచో జిల్లా కార్యాలయమును సంప్రదించవలెను.) గొడుగు కథ రాసిన సూర్యప్రకాశం గారు సామర్లకోటలో ఉన్నారు. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఎప్పుడో ఒక ఇంగ్లీషు పత్రికకు కథ రాస్తే, అది తిరిగి తిరిగి వాచకంలోకి వచ్చింది. ఆధార్ కార్డు, ఆ కథ తానే రాసినట్టు గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువపత్రం తీసుకుని రమ్మని ఆయనకు ఉత్తరం వెళ్లింది. పాపం, రెండూ పట్టుకుని తెల్లారేసరికే బస్సెక్కి వచ్చేశారు.

హెడ్మాస్టరు శశిభూషణ్ గారి గదిలో విచారణ. బల్ల మీద కాఫీలు, పళ్లెంలో పూతరేకులు. కమిటీ తరఫున నేను. గోడ వారగా హైమ టీచరు, ఆమె పక్కన చేతులు కట్టుకుని తబిత.

"సార్, తమరి కథకి థీమ్ హానెస్టీ. అంతే కదండీ?" అన్నారు పల్లంరాజు గారు, కలం మూత తీస్తూ.

"అవునండి" అన్నారు సూర్యప్రకాశం గారు.

అక్కడితో అయిపోయేదే. కానీ శశిభూషణ్ గారికి సాహిత్యం మీద గౌరవం ఎక్కువ. ఏదో ఒకటి అనకపోతే వచ్చినాయన చిన్నబుచ్చుకుంటారని, "వానలో అంత దూరం వెళ్లాడు కదండీ, పర్సివరెన్స్ కూడా ఉందేమోనండి" అన్నారు.

"అవునండి, ఉందండి."

పల్లంరాజు గారు అనుమానంగా తలెత్తారు. ఇక నిబంధన ప్రకారం ఏడూ అడగాల్సిందే. ఫ్రెండ్‌షిప్ అన్నారు, అవునండి అన్నారు. పేట్రియాటిజం అంటే, "గోదారి గురించే కదండీ, అవునండి" అన్నారు. హార్డ్ వర్క్‌కీ, లవ్ ఆఫ్ నేచర్‌కీ పెద్దగా ఇబ్బంది పడలేదు. క్లీన్లీనెస్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, "వాన పడింది కదండీ. అవునండి" అన్నారు. పల్లంరాజు గారు ఏడింటికీ టిక్కులు పెట్టుకున్నారు.

అప్పుడు హైమ టీచరు, "సార్, ఈ అమ్మాయి వేరేది రాసిందండి. ఒక్కసారి చెప్పనివ్వండి" అంది.

పల్లంరాజు గారు తబిత జవాబు కాగితం తిరగేసి, "లోన్లీ అనేది ఆరో తరగతి మాటమ్మా. పదోన్నతిలో చెల్లదు. కనీసం డెసొలేట్ అని రాయలేకపోయావా?" అన్నారు. మంచిగానే అన్నారు.

"డెసొలేట్ అయితే పడవ నడపలేడండి" అంది తబిత. "లోన్లీ అయితే నడపగలడండి."

సూర్యప్రకాశం గారు నోటి దాకా తీసుకెళ్లిన పూతరేకు మళ్లీ పళ్లెంలో పెట్టేశారు.

"ఒంటరివాడని నేనెక్కడా రాయలేదు కదమ్మా" అన్నారు.

"రాయలేదండి. కానీ ఆ గొడుగు పడవాయన ఎదురుగానే ఉందండి. ప్రయాణికుడు దిగేటప్పుడు పడవాయన దానివైపు చూశాడని కూడా రాశారండి. దిగినాయన, పిలిస్తే వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడండి. పిలవలేదు. అది ఉండిపోతే ఇంటికెళ్లి ఇవ్వొచ్చు కదండీ, అందుకని." ఆ పిల్ల ఒకసారి టీచరు వైపు చూసి మళ్లీ అందుకుంది. "టీ అయిపోయిందండి, వాన కూడా తగ్గిపోయిందండి. అయినా లేవలేదు. మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు, మీ ఆవు ఎన్ని పాలిస్తుంది అని అడుగుతా కూర్చున్నాడు. ఇంటికెళ్తే ఆయనకి మాట్లాడ్డానికి ఎవరూ లేరండి."

సూర్యప్రకాశం గారు కుర్చీ ఆ పిల్ల వైపు తిప్పుకున్నారు.

"నీకెలా తెలిసిందమ్మా?" అన్నారు. "మా ఆవిడ చనిపోయిన ఏడాది రాశాను అది. అప్పట్లో కౌంటర్లో కూర్చుని టిక్కెట్టు నెమ్మదిగా కొట్టేవాణ్ణి. ఎదుటి మనిషి ఇంకో రెండు మాటలు మాట్లాడతాడేమోనని. లైన్లో వాళ్లు తిట్టేవారు. తిట్టినా అదీ మాటే కదమ్మా."

హైమ టీచరు ఏడ్చేసింది. శశిభూషణ్ గారు కిటికీలోంచి బయటికి చూడసాగారు, అక్కడ సైకిళ్ల స్టాండు తప్ప ఏమీ లేదు. నాకూ కళ్లు నిండాయి. ఒక కథ రాసినవాడూ, చదివిన పిల్లా ఒకే గదిలో ఒకరినొకరు చూసుకోవడం నేను ఇంతకు ముందెప్పుడూ చూడలేదు, నాకు చాలా హ్యాపీగా అనిపించింది. (ఈ మాట పదవీ విరమణ చేసినదని తెలుసు.)

పల్లంరాజు గారు కూడా జేబు రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. తుడుచుకుని, విచారణ నివేదిక రాసి, అందరూ వినేలా చదివారు. విభాగం గుర్తించిన ఏడు థీమ్‌లనూ రచయిత స్వయంగా అంగీకరించారు. విద్యార్థిని ప్రతిపాదించిన ఎనిమిదో థీమ్ విషయంలో రచయిత అంగీకారం తెలుపక, ఎదురు ప్రశ్న వేసియున్నారు. కావున తిరస్కరించడమైనది.

"అదేంటండి?" అంది హైమ టీచరు. "ఆయన ఒప్పుకున్నట్టే కదండీ?"

"అవునండి అనలేదు కదమ్మా. మిగతా అన్నిటికీ అన్నారు."

సూర్యప్రకాశం గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, ఆ అమ్మాయి చెప్పిందేనండి నా కథ. మిగతావన్నీ మీరు పెద్దవారు అడిగారు కదాని అన్నానండి."

"అలాగేనండి" అన్నారు పల్లంరాజు గారు ఎంతో మర్యాదగా. "పైకి రాస్తామండి."

ఆ మాటకు అర్థం ఏమిటో ఆ గదిలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. శశిభూషణ్ గారు ఇంకో కాఫీ తెప్పించారు.

అయితే విభాగం వారు మరీ కఠినులేం కాదు. జవాబు దిద్దుకోవడానికి విద్యార్థికి ఒక అవకాశం ఇస్తారు. మర్నాడు తబిత కొత్త జవాబు రాయాలి. థీమ్ కలిస్తే ఎప్పటిలాగే ఉంటుంది. కలవకపోతే పునాది సెక్షన్, లైబ్రరీ లేదు.

సాయంత్రం బడి వదిలాక విజయ్ పాల్ కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. సంగతంతా విని, సైకిలుకి స్టాండు వేశాడు.

"నువ్వు రాసింది తప్పు కాదమ్మా. కానీ బీరువా తాళం వాళ్ల దగ్గరుంది" అన్నాడు.

హైమ టీచరును అడిగితే, "నీ ఇష్టం తల్లీ" అంది. సామర్లకోట బస్సు కోసం నిలబడ్డ సూర్యప్రకాశం గారు మాత్రం తబితను దగ్గరికి పిలిచారు. "హానెస్టీ అని రాసెయ్యమ్మా. నేనేమీ అనుకోను. నువ్వు చదవాలి. చదివేవాళ్లు మానేస్తే రాసేవాళ్ల గతేంటి?" అన్నారు. తబిత తలాడించింది.

మర్నాడు రాసింది. మా హారతి పక్కనే కూర్చుని చూసిందట, పెన్ను ఆపకుండా పేజీ నింపేసిందని చెప్పింది. పడవవాడు ఎగ్జంప్లరీ, అతని ఇంటెగ్రిటీ అన్‌ఇంపీచబుల్, గొడుగు తిరిగి ఇచ్చేయడం సమాజానికంతటికీ ఇన్‌స్పిరేషనల్. పచ్చ గుర్తు వచ్చింది. లైబ్రరీ పీరియడు దక్కింది. పల్లంరాజు గారు ఆ కాగితాన్ని మండలంలోని స్కూళ్లన్నిటికీ మాదిరి జవాబుగా పంపించారు.

తను నమ్మని మాటలు రాయడం తబితకు అదే మొదటిసారి. నిజాయితీ గురించి కదా, పదికి పది వేశారు.