పని ముందు ఫోటో

"ఈ ఏడాది రాష్ట్ర ఉత్తమ కాలువ పనుల పురస్కారం మన సంస్థకే వస్తుంది. రాని పక్షంలో నేను బాపట్లలో అడుగు పెట్టను," అని డెల్టా చిన్న వంతెనల అభివృద్ధి సంస్థ చైర్మన్ బసవేశ్వరరావు గారు బాపట్లలో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. ఇంత పెద్ద త్యాగానికి సిద్ధపడ్డ నాయకుణ్ణి చూసి విలేకరులు ఉప్మా ప్లేట్లు పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ సంస్థ అసిస్టెంట్ ఇంజినీరు రవిశంకర్ కూడా కొట్టాడు. కొట్టకపోతే బాగుండదు.

ఆ సంస్థ పేరు ఎప్పుడూ వినలేదే అని పాఠకులు కంగారు పడనక్కర్లేదు. మొన్నటి ఎన్నికల్లో బసవేశ్వరరావు గారికి పార్టీ టికెట్ ఇవ్వలేదు. ఆయన అలిగి ఫోన్ స్విచాఫ్ చేసుకున్నారు. తిరిగి ఆన్ చేసేసరికి డెల్టాలో చిన్న వంతెనలకు ఒక సంస్థ, సంస్థకు ఒక చైర్మన్, చైర్మన్‌కు ఒక కారు పుట్టి ఉన్నాయి. ఆయన ఇల్లు తెనాలి, ఆఫీసు బాపట్ల. మధ్యలో తిరగడానికి కారు కాబట్టి సంస్థ పని దాదాపు పూర్తయినట్టే.

మొదటి ఏడాది బోర్డు రాయించారు. రెండో ఏడాది సోఫాలు మార్చారు. మార్చి నెలాఖరుకు నిధులు మిగిలిపోయాయని పైనుంచి అక్షింతలు పడితే, "ఏదో ఒకటి కట్టి పారెయ్యవయ్యా," అని చైర్మన్ గారు రవిశంకర్‌కు ఆదేశమిచ్చారు. రవిశంకర్ కట్టాడు గానీ పారెయ్యలేదు. తప్పంతా అక్కడే మొదలైంది.

రేపల్లె పక్కన దిగువపేటకీ ఊరికీ మధ్య మురుగు కాలువ ఉంది. దాటడానికి రెండు తాటి దుంగలు. పేటలో కృపమ్మ ఇడ్లీలు వండి స్టేషన్ దగ్గర అమ్ముకుంటుంది. తోపుడు బండి ఉంది కానీ దుంగల మీద దొర్లదు కాబట్టి గిన్నెలు నెత్తిన పెట్టుకుని దాటేది. ఒక వానాకాలం సాంబారు గిన్నెతో సహా కాలువలో పడి కాలు విరగ్గొట్టుకుంది. అలాంటి చోట రవిశంకర్, పని మరీ చిన్నదని ఏ కాంట్రాక్టరూ రాకపోవడంతో, మేస్త్రీల పక్కన తనే నిలబడి వంతెన కట్టించాడు. అతని సర్వీసంతా ఎస్టిమేట్లు రాయడంలోనూ, రాసినవి తిరగరాయడంలోనూ గడిచింది. నిజంగా ఒకటి కట్టడం అదే మొదలు. ఆదివారం నాడు భార్య నాగజ్యోతిని స్కూటర్ మీద తీసుకొచ్చి వంతెన మీద అటూ ఇటూ నడిపించాడు. "బాగుందండి, కదలట్లేదు," అందావిడ. అతను రెండు రోజులు ఆ మాటే తలుచుకున్నాడు.

కృపమ్మ బండి ఇక దర్జాగా వంతెన దాటేది. రవిశంకర్ అటు వెళ్తే చాలు, ప్లేటు చేతిలో పెట్టేది. డబ్బులు ఇవ్వబోతే, "ఊరుకోండి బాబూ, మీరు కట్టిన దారినే కదా ఇడ్లీ వచ్చింది," అనేది.

సరే, పురస్కారం సంగతి. దరఖాస్తుకు ప్రారంభోత్సవం ఫోటోలు జత చేశారు. బ్రహ్మాండమైన ఫోటోలు. చైర్మన్ గారు, దండలు, రిబ్బను, రిబ్బను వెనక నలభై మంది కార్యకర్తలు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి వెతికితే సిమెంటు కొంచెం కనపడుతుంది. వారానికి దరఖాస్తు తిరిగొచ్చింది. పైన ఒకటే ముక్క: పని ముందు ఫోటో లేదు.

చైర్మన్ గారు నొచ్చుకున్నారు. "ఇదేంటయ్యా, ప్రతి ఫోటోలో నేను పని ముందే కదా ఉన్నాను?"

"జనం ఎక్కువైపోయారేమోనండి," అన్నాడు రవిశంకర్.

చైర్మన్ గారు ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు వేసుకుని రేపల్లె వెళ్ళి, పని ముందు ఒంటరిగా నిలబడి ఫోటో తీయించుకున్నారు. అదీ తిరిగొచ్చింది. పని ముందు కూర్చుని తీయించుకున్నారు. అదీ వచ్చేసింది. పని ముందు చేతులు జోడించిన ఫోటో కూడా తిరిగొచ్చాక ఆయనకు ఒళ్ళు మండి, పురస్కారాల విభాగానికి స్వయంగా ఫోన్ చేశారు.

"సార్, పని ముందు అంటే మొదలుపెట్టక ముందండి," అంది అవతలి అమ్మాయి ఓపికగా. "వంతెన లేనప్పటి ఫోటో ఒకటి, కట్టిన తర్వాతది ఒకటి. రెండూ ఒకే చోటునుంచి తీసినవి కావాలండి. ఎడిటింగ్ చేస్తే తీసుకోరు. ఫోటో తీసిన తేదీ, టైము సిస్టమే చూసుకుంటుంది."

"ఆ ముక్క ముందు చెప్పొచ్చు కదమ్మా," అని చైర్మన్ గారు ఫోన్ పెట్టేసి రవిశంకర్ వైపు తిరిగారు. "లేనప్పటి ఫోటో ఉందా?"

"లేదండి. అప్పుడు తీయాలని తట్టలేదండి."

"ఇంజినీరింగులో ఏం నేర్పారయ్యా మీకు? పని చెయ్యడం ఒక్కటి నేర్పితే సరిపోద్దా?"

వెంటనే తెనాలి నుంచి చిట్టిబాబును పిలిపించారు. చిట్టిబాబు పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్. చైర్మన్ గారి అమ్మాయి పెళ్ళిలో ప్రీ వెడ్డింగ్ ఫోటోలు మర్చిపోతే, పెళ్ళయిన నెలకు తీసి ఆల్బంలో మొదటి పేజీల్లో అంటించిన ఘనుడు. అప్పటికి ఆ దంపతులకు మాటల్లేవు. ఫోటోల్లో మాత్రం చూడముచ్చటగా ఉన్నారు.

"వంతెన ఫోటో నుంచి వంతెనను కంప్యూటర్లో చెరిపేస్తే?" అని రవిశంకర్ చిన్నగా అడిగాడు. వంతెనను కాపాడడానికి అతనికి తోచిన దారి అదొక్కటే.

"సిస్టం పట్టేస్తుందండి," అన్నాడు చిట్టిబాబు.

"పట్టుకోకపోయినా నేను ఒప్పుకోను," అన్నారు చైర్మన్ గారు. "మోసం చెయ్యమంటావా? ఈ సంస్థకంటూ ఒక నీతి ఉంది. లేని వంతెన ఫోటో కావాలంటే వంతెన నిజంగా లేకుండా ఉండాలి. పడగొట్టండి."

ఇంతటి నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి. చిట్టిబాబుకైతే కళ్ళు చెమర్చాయి.

"సార్, మనకున్నది ఒక్కటే వంతెనండి," అన్నాడు రవిశంకర్.

"ఒకటి ఉంది కాబట్టే పడగొట్టగలుగుతున్నాం. లేనివాళ్ళు ఏం పడగొడతారు? వారంలో మళ్ళీ కట్టేద్దువులే. చెయ్యి తిరిగింది కదా."

రవిశంకర్ కాదనలేదు. కాదంటే రాయచోటికో రాజాంకో బదిలీ. తిట్టుకోవాలనుకున్నవాళ్ళు ఇక్కడ అతన్ని నిక్షేపంగా తిట్టుకోవచ్చు. దారి పొడుగునా తనను తాను అతనూ తిట్టుకున్నాడు, కానీ జేసీబీ వెనకాలే వచ్చాడు.

చిట్టిబాబు కాలువ గట్టు మీద ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీసి అందులో స్టాండు నిలబెట్టాడు. రెండు ఫోటోలూ అక్కడినుంచే. పొద్దున్నే వెలుతురు బాగుందని 'తర్వాత' ఫోటో ముందు తీశాడు. వంతెన మధ్యలో కృపమ్మ బండి. గిన్నెల మూతల్లోంచి ఆవిరి. బండి వెనక కృపమ్మ, కొత్త చీరలో.

"నవ్వమ్మా," అన్నాడు చిట్టిబాబు.

ఆమె నవ్వింది. సంస్థ చరిత్రలో చైర్మన్ గారు అడ్డం లేకుండా పని కనపడిన మొదటి ఫోటో అదే.

"ఇక బండి పేటలోకి తీసుకెళ్ళమ్మా," అని చెప్పారు. ఆమె తీసుకెళ్ళి వెనక్కి తిరిగి చూసేసరికి జేసీబీ వంతెన దగ్గరికి వస్తోంది.

"ఏంటి బాబూ ఇది?" అని గట్టు మీదినుంచే అడిగింది.

"ఒక్క వారం ఓపిక పట్టమ్మా. ఫోటో కోసం," అన్నాడు రవిశంకర్, ఆమె ముఖం చూడకుండా.

"ఫోటోకి నవ్వమంటారు, నిలబడమంటారు. దారి తీసేస్తారా ఎక్కడన్నా? వారం రోజులు బండి ఎట్లా తియ్యను?"

"మళ్ళీ కట్టిస్తానమ్మా. నాదీ పూచీ."

"మీరు చెప్తే సరే బాబూ," అంది. ఆ ఒక్క మాట అనకుండా నాలుగు తిట్టి ఉంటే అతనికి ఎంత హాయిగా ఉండేదో.

జేసీబీ కొట్టడం మొదలుపెట్టింది. వంతెన కదల్లేదు. డ్రైవర్ దిగి టీ తాగి, మళ్ళీ ఎక్కి కొట్టాడు. అంచు పెచ్చు ఊడింది, అంతే. ఎండ నెత్తికొచ్చింది. గొడుగు కింద కూర్చున్న చైర్మన్ గారికి సహనం పోయింది.

"ఇంత గట్టిగా ఎవరు కట్టమన్నారయ్యా? ఇది ప్రభుత్వం పనేనా అసలు? నీ సొంతిల్లు అనుకున్నావా?"

రవిశంకర్ తల దించుకున్నాడు. అంతమంది ముందు తిట్లు తింటూ లోపల అతనికి గర్వంగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. ఆ రెండూ తేలకముందే స్లాబు నడుము విరిగి నీళ్ళలో పడింది. ముక్కలన్నీ ఎత్తించి గట్లు శుభ్రంగా చదును చేయించారు. తాటి దుంగలు తెచ్చి వేద్దామంటే చిట్టిబాబు వద్దన్నాడు, ఫ్రేము పాడవుతుందట. మర్నాడు పొద్దున, అదే వెలుతురులో, ముగ్గుపిండి గీతలో స్టాండు పెట్టి 'ముందు' ఫోటో తీశాడు. కాలువ నిండుగా పారుతోంది. ఎక్కడినుంచో ఒక కొంగ వచ్చి వాలింది. అవతలి గట్టున బండి, బండి పక్కన కృపమ్మ.

"కొంచెం ఏడుపు ముఖం పెట్టమ్మా," అని చిట్టిబాబు కేకేశాడు. తర్వాత కెమెరాలోంచి చూసి, "అక్కర్లేదులే, సరిపోయింది," అన్నాడు.

వారం గడిచింది. రవిశంకర్ వంతెన ఫైలు పెట్టాడు. వంతెన కట్టినట్టు రికార్డులో ఉండగా మళ్ళీ కట్టడం కుదరదని పైవాళ్ళు తిప్పి పంపారు. అవార్డు వచ్చాక మాట్లాడదాం, అప్పుడు ఎవరూ కాదనరు అన్నారు చైర్మన్ గారు. దిగువపేటలో మళ్ళీ దుంగలు పడ్డాయి. కృపమ్మ బండికి పరదా పట్టా కప్పి, విరిగి అతుక్కున్న కాలితోనే గిన్నెలు మోయడం మొదలుపెట్టింది. రవిశంకర్ స్టేషన్ వైపు వెళ్ళడం మానేశాడు.

అవార్డు వచ్చింది. మొదటి బహుమతి. తెనాలి, బాపట్ల, రేపల్లె, మూడు ఊళ్ళలోనూ ఫ్లెక్సీలు లేచాయి. రవిశంకర్ మాత్రం వచ్చిన ఉత్తర్వును చదివి, మళ్ళీ చదివి, చైర్మన్ గారి సోఫా దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, మనకు కొత్త కట్టడాల విభాగంలో రాలేదండి. కాలువల మీద ఆక్రమణల తొలగింపు విభాగంలో వచ్చిందండి."

"అదేంటి?"

"మనం పంపిన ఫోటోలను సిస్టం తేదీల ప్రకారం సర్దిందటండి. వంతెన ఫోటో ముందు రోజుది కాబట్టి అది 'ముందు' అయింది. వంతెన లేని ఫోటో 'తర్వాత' అయింది. నీటి పారుదలకు అడ్డంగా ఉన్న సిమెంటు కట్టడాన్ని తొలగించి కాలువకు ప్రాణం పోశారని మెచ్చుకున్నారండి. కొంగ కూడా వాళ్ళకు నచ్చిందండి. 'గట్టున నిలబడ్డ మహిళ ఆనందబాష్పాలే ఈ కృషికి సాక్ష్యం' అని రాశారండి."

చైర్మన్ గారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించడం రవిశంకర్ అంతకు ముందు చూడలేదు.

"సిస్టం అబద్ధం చెప్పిందా?"

"లేదండి."

"ముందు వంతెన ఉందా?"

"ఉందండి."

"తర్వాత లేదు కదా?"

"లేదండి."

"మరింకేంటయ్యా నీ బాధ?"

రాజధానిలో శాలువా కప్పించుకుని చైర్మన్ గారు ఇచ్చిన ఉపన్యాసం అన్ని పేపర్లలోనూ వచ్చింది. కట్టడం ఎవరైనా కడతారనీ, తొలగించడానికే గుండె ధైర్యం కావాలనీ, ఆ కట్టడం ఎంత గట్టిదో తన కళ్ళతో చూశాననీ చెప్పారు. చిన్న వంతెనల సంస్థకు రెండు కొత్త జేసీబీలు మంజూరయ్యాయి. వంతెన మళ్ళీ కట్టే ఫైలు గురించి రవిశంకర్ అడిగితే, "అవార్డు వచ్చిన చోట ఆక్రమణ చేస్తావా?" అని చైర్మన్ గారు నిజంగానే బాధపడ్డారు. ఫైలు బదులు బోర్డు పెట్టమన్నారు.

బోర్డు పెట్టించడానికి రవిశంకర్ దిగువపేట వెళ్ళక తప్పలేదు. ముగ్గుపిండి గీత ఉన్నచోటే రెండు ఇనుప స్తంభాలు పాతించాడు. పైన చైర్మన్ గారి నిలువెత్తు బొమ్మ, కింద రెండు ఫోటోలు, ఆ కింద ఎర్రక్షరాలు: ఈ కాలువపై ఎటువంటి కట్టడమూ నిషేధం.

కృపమ్మ ఖాళీ గిన్నెలు నెత్తిన పెట్టుకుని స్టేషన్ నుంచి వస్తోంది. అతన్ని చూసి ఆగింది. గిన్నెలు దించి, ఒకదాని అడుగున మిగిలిన ఇడ్లీలు తీసి, "తినండి బాబూ, చల్లారిపోయినయ్యి," అంది. అతను చేయి చాపలేకపోయాడు. ఆమె వాటిని ఆకులో మడిచి అతని చేతిలో పెట్టింది.

"ముందు ఫోటో అయిపోయిందన్నారు కదా బాబూ. మరి తర్వాత ఫోటో ఎప్పుడు తీస్తారు?"

"తీసేశారమ్మా," అన్నాడు రవిశంకర్.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, బోర్డు దగ్గరగా వెళ్ళి రెండు ఫోటోలూ తీరిగ్గా చూసింది. రెండో దాని దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు.

"ముందు దాంట్లో మా బండి బాగా పడింది బాబూ," అని, గిన్నెలు నెత్తికెత్తుకుని దుంగల మీద కాలు పెట్టింది.