రెండు ఒడ్ల ఆట

చిత్రా పున్నమి నాటి ఉదయం రాగి అంబలి తాగుతూ వెంకటపతి ఆనాటి పనులన్నీ భార్య చెంగమ్మకు చెప్పాడు. ఎండ ఎక్కకముందే ఖాళీ తారు పీపాలను చెరువు దగ్గరికి దొర్లించాలి. మధ్యాహ్నానికి తెప్ప కట్టాలి. పొద్దు వాలేసరికి దాన్ని చెరువు నడిమికి తోసి, దాని మీద వీధినాటకం ఆడించాలి.

"ఒడ్డున ఆడితే ఏమి మామా, కాళ్ళు కాలతాయా?" అంది చెంగమ్మ.

"ఏ ఒడ్డున?" అన్నాడు వెంకటపతి.

ఆ ప్రశ్న మీదే ఏడాదిగా రెండు ఊళ్ళకూ పడటం లేదు.

తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో ఉంది ఆ చెరువు. తూర్పు ఒడ్డున వెంకటపతి ఊరు, పడమటి ఒడ్డున అతని అక్క ఇంద్రాణి మెట్టిన ఊరు. ఎండాకాలంలో కోతలయ్యాక రెండు ఊళ్ళూ కలిసి నాటకం ఆడించుకునేవి. నిరుడు తూర్పు ఒడ్డున ఆడినప్పుడు ఇంద్రాణి భర్త నాగలింగానికి పందిరి గుంజ వెనక చోటు దొరికింది. తెల్లవార్లూ ఆయన గుంజనే చూశాడు. పొద్దున లేచి, ఇక తమ ఒడ్డున ఆడితేనే నాటకం, లేకపోతే లేదన్నాడు. తూర్పు వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఇంద్రాణి పుట్టింటికి రాలేదు. అవతలి ఒడ్డున బట్టలు ఉతుక్కునే అక్కను వెంకటపతి ఏడాదిగా నీళ్ళ మీదుగానే చూస్తున్నాడు. అతను చేయెత్తితే ఆమె కూడా చేయెత్తేది. ముఖం కనిపించేంత దగ్గర కాదు.

అలా నీళ్ళ వంక చూస్తూ ఉండగానే అతనికి చెరువు నడిమి భాగం తోచింది. నాటకం ఏ ఒడ్డుదీ కాకపోతే బావకు కోపం వచ్చే దారి ఉండదు. తెప్పకు రెండు మోకుతాళ్ళు కడితే, ఏ ఊరి మోకు ఆ ఊరి వాళ్ళే పట్టుకోవచ్చు. రెండు ఊళ్ళూ ఈ ఏర్పాటును మెచ్చుకున్నాయి. నాగలింగం కూడా ఏమీ అనలేదు. ఆయన విషయంలో అది మెచ్చుకోవడమే.

రాజు వేషం రత్నస్వామిది. అత్తిమంజేరిపేటలో పగలు మగ్గం నేసే ఆ మనిషి తెప్పను చూసి కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రెండు పక్కలా జనముండారే వెంకటపతన్నా. మొగము యాడికి తిప్పేది?"

"మాటలు తూరుపుకి చెప్పు. పాటలు పడమటికి పాడు. సరిపోతుంది."

రాణి వేషం వేసిన ఏళుమలై చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని నీళ్ళలోకి చూశాడు. "అన్నా, ఎనక్కు నీచ్చల్ తెరియాదు," అన్నాడు. తనకు ఈత రాదన్న సంగతి అతను కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. నాటకంలో రాణి ఈత కొట్టే ఘట్టం ఏదీ లేదని అందరూ అతనికి ధైర్యం చెప్పారు.

పొద్దు వాలింది. కొండల వెనక ఎరుపు ఇంకా ఆరకముందే తూర్పున చందమామ లేచింది. చెరువు నడుమ తెప్ప మీద పెట్రోమాక్స్ లైట్లు వెలిగాయి. పైన ఒక రాజు, నీళ్ళలో తలకిందుగా ఇంకొక రాజు. హార్మోనియం శబ్దం నీళ్ళ మీద జారుతూ వచ్చి చెవిలో చెప్పినట్లు వినిపించింది. ఒళ్ళో పిల్లలతో, చాటల్లో వేయించిన శెనక్కాయలతో రెండు ఒడ్లూ మాట లేకుండా కూర్చున్నాయి. ఇంత బాగుంటుందని వెంకటపతి కూడా అనుకోలేదు.

బాగుండటం మొదటి పాట దాకా సాగింది. రాజ్యం పోగొట్టుకున్న రాజు మాట ప్రకారం పడమటికి తిరిగి పాడాడు. తూర్పు ఒడ్డుకు అతని వీపు మిగిలింది.

"పాటలన్నీ వాళ్ళకేనా? మనకు వట్టి మాటలా?" అన్నారెవరో. మోకు దగ్గరున్న కుర్రాళ్ళు దాన్ని కొద్దిగా లాగారు. తెప్ప మెల్లగా తిరిగింది. పల్లవి పడమటికి పాడిన రాజు చరణం తూర్పుకు పాడాడు. పడమటి వాళ్ళు అది గమనించి తమ మోకు లాగారు.

అప్పుడు రాణి అలిగి, రాజుకు దూరంగా నిలబడి ఉంది. ఆ కుదుపుకు ఏళుమలై వెళ్ళి రాజు గుండెల మీద పడ్డాడు. ఈత రానివాడు కనుక గట్టిగా పట్టుకున్నాడు.

"అంత కోపమూ అప్పుడే పొయ్యిందా?" అంది తూర్పు ఒడ్డున ఒక ముసలమ్మ.

రత్నస్వామి అనుభవం ఉన్నవాడు. క్షమించిన భార్య గొప్పతనం మీద అప్పటికప్పుడు ఒక పాట కట్టాడు. అది సగంలో ఉండగానే తూర్పు మోకు బిగిసింది, రాణి మళ్ళీ దూరం పోయింది. పాట విరహంలోకి తిరిగింది. హార్మోనియం ముందున్న పచ్చయ్యప్ప ఏ రాగమూ పట్టుకోలేక ఒకే మెట్టు మీద వేలు ఆనించి కూర్చున్నాడు.

ఇక ఇది పిల్లల చేతిలో ఉంచే పని కాదని వెంకటపతి తూర్పు మోకు తానే అందుకుని, ఒడ్డునున్న మొద్దుకు వేసిన ముడి విప్పి లాగాడు. అవతల నాగలింగం కూడా సరిగ్గా అదే అనుకుని తమ మోకు ముడి విప్పాడు. అంత దూరాన ఎవరు ఎవరిని లాగుతున్నారో ఇద్దరికీ తెలియదు.

"వదులు మామా," అంది చెంగమ్మ. "పీపాలు ఊడితే మనుషులు మునిగిపోతారు. ఒక ఆట కోసరమా?"

వెంకటపతికి సిగ్గేసింది. నిజమే, పెద్దరికం అంటే వదలడమే. మోకు వదిలేశాడు.

పడమటి ఒడ్డున ఇంద్రాణి కూడా మొగుడితో, "ఏమయ్యా, ఆ రాణి మొగము చూడు, పేణం పోయినట్టుండాది. వదిలెయ్యి," అంది. ఏడాదిగా భార్య మాట విననందుకు నాగలింగానికి లోపల ఎక్కడో బాధగానే ఉంది. ఆయనా వదిలేశాడు.

దక్షిణం నుంచి చల్లటి గాలి వీచింది. తెప్ప ఉత్తరానికి బయలుదేరింది.

తెప్ప మీద వాళ్ళకు ఇది ముందు తెలియలేదు. రాజు అడవికి పోయే ఘట్టం అది. లైట్లు, హార్మోనియం, మనుషులు, అందరూ కలిసి వెన్నెట్లో నిజంగానే పోతున్నారు. ఏళుమలై ఒడ్లు కదలడం చూసి రాజు చెవిలో ఏదో చెప్పాడు.

"రంగు పూసినాక ఆపేది లేదు," అన్నాడు రత్నస్వామి. "ఏడుపు పాట ఉండాది కదా, అదే పాడు."

ఆ పాట ఏళుమలై జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. జనం కన్నీళ్ళు తుడుచుకుంటూ లేచి, ఆ పాట వెంట రెండు గట్ల మీదా నడిచారు. నులకమంచం మీద తాతను కూర్చోబెట్టి మోసుకొచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. ఎవరూ తొందరపడలేదు. తెప్ప నడిచినంత మెల్లగా రెండు ఊళ్ళూ నడిచాయి.

చెరువుకు ఉత్తర కొసన, తుంగ పెరిగే చోట, చాపలల్లుకునే వాళ్ళ గుడిసెలు కొన్ని ఉన్నాయి. దాన్ని తుంగమిట్ట అంటారు. నాటకానికి వాళ్ళను పిలవాలని ఏ ఒడ్డు వాళ్ళకూ తోచలేదు. గుడిసె ముందు కూర్చున్న మునెమ్మకు నీళ్ళ మీద వెలుగుతూ, పాడుతూ తన వైపే వస్తున్న రాజు కనిపించాడు. ఆమె కాసేపు చూసి, లోపలికి పోయి కొత్త చాపలు తెచ్చి పరిచింది. చుట్టుపక్కల వాళ్ళను లేపింది. తెప్ప వచ్చి వాళ్ళ ముందరి బురదలో మెత్తగా ఆగింది, రాజు ముఖం సరిగ్గా చాపల వైపు ఉండేటట్లు.

ఆడవాళ్ళు ముందుగా చేరుకుని చాపల మీద కూర్చున్నారు. ఇంద్రాణి వచ్చి చెంగమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని, నాటకం చూస్తున్నట్లు ముందుకు చూశారు.

మగవాళ్ళిద్దరూ మాత్రం తెప్ప మళ్ళీ ఎక్కడికి పోతుందోనని, నీళ్ళలో వేలాడుతున్న మోకుల కోసం వెనక వైపు నుంచి మోకాటిలోతు నీళ్ళలోకి దిగారు. చెరొక మోకు దొరకబుచ్చుకుని నిలబడ్డాక ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎందుకు వదిలినావు బావా?" అన్నాడు వెంకటపతి.

"మీ యక్క వదలమనింది. నువ్వో?"

"చెంగమ్మ వదలమనింది. నువ్వు పట్టుకోనుంటావనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా." నాగలింగం మోకును చేతికి చుట్టుకున్నాడు. చల్లటి నీళ్ళు కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. "ఇప్పుడేమి జరగతా ఉండాది అక్కడ?"

"రాజు నవ్వతాండాడనుకుంటా. వీపు కదలతాంది."

రాజుకు రాజ్యం వచ్చింది, రాణి దక్కింది. తెప్ప కదలడం లేదు కనుక ఈసారి ఆమె ఎటూ పోలేదు. మోకులు పట్టుకున్నవాళ్ళు తప్ప అందరూ అది చూశారు.

ఆట ముగిశాక ఇంద్రాణి భర్తను ఏమీ అడగలేదు. చెంగమ్మతో మాట్లాడుకుంటూ తూర్పు గట్టు పట్టి నడిచింది. నాగలింగం పడమటి గట్టు వంక ఒకసారి చూశాడు. అటు ఎవరూ లేరు. తడిసిన పంచె పిండుకుంటూ బావమరిది వెనకే నడిచాడు. "మీ ఇంట్లో పొడి పంచె ఉండాదా?" అని మాత్రం అడిగాడు. ఆయన తూర్పు ఊరు వదిలి పోవడానికి వారం పట్టింది.

ఆ వారంలోనే చాపలు అమ్మే మనిషి ఒకడు మునెమ్మ చెప్పిన మాట వెంకటపతికి అందించాడు. ఆట చాలా బాగుందట. అయితే తమ ఒడ్డుకు చేరేసరికి సగం అయిపోయింది కనుక, వచ్చే యేడు కాస్త పెందలాడే బయలుదేరమంది.