ఫ్యాను కింద నాలుగు సాక్ష్యాలు

బైబిల్లో ఉన్నది జరిగిన చరిత్రా, కాదా అని ఇంట్లో వాళ్ళు వాదించుకోవడం ఆ ఇంటికి పట్టిన అదృష్టం! వాదనలు లేని ఇళ్ళ ముందు నుంచి వెళ్తుంటే నాకు గుండె దడ. అంత చప్పుడు లేకుండా ఉన్నారంటే లోపల ఎవరికేమైందో ఏమో!

మా ఇంట్లో ఆ బెంగ లేదు. ఆదివారం భోజనాలు అయ్యాయంటే చాలు, టేబుల్‌కి అటు మావారు, ఇటు మా మరిది. మధ్యలో తీర్పరిలా మా అమ్మాయి, చేతిలో ఫోను. అమ్మాయి నెత్తి మీద ఫ్యాను. ఆ ఫ్యాను సంగతి తర్వాత చెప్తాను. నేను చెప్పేవన్నీ తర్వాతే కదా ఎవరికైనా!

మావారిది పుస్తకాల బైండింగు పని. పైగా విశ్వాసి. "ఒరేయ్, ఎన్ని చేతులు మారిందిరా ఈ గ్రంథం! అబద్ధమైతే ఇన్నేళ్ళు కుట్టు నిలుస్తుందా?" అంటారు. మరిది ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. ఎవరేం చెప్పినా నమ్మకపోవడానికే అతనికి జీతం. "జరిగిందెప్పుడు, రాసిందెప్పుడు అన్నయ్యా? ఇంత లేటుగా వస్తే మేం స్కూటర్ క్లెయిమే తీసుకోం!" అంటాడు.

ఇద్దరి నోటా ఒకటే మాట, సాక్ష్యం! మావారు ప్రార్థనలో లేచి నిలబడి "దేవుడు నన్ను కాపాడాడు" అని చెప్తే అది సాక్ష్యం. మరిది పగిలిన బంపర్‌కి నాలుగు వైపులా ఫోటో తీస్తే అదీ సాక్ష్యం. నేను "ఫ్యాను కిర్రుమంటోంది, కొక్కెం అరిగిపోయినట్టుంది, చూడండి" అంటే మాత్రం అది సణుగుడు!

సరే, లాభాలు చెప్తాను వినండి. వాదన జరుగుతున్నంత సేపూ ముగ్గురూ నా కళ్ళముందే ఉంటారు. ఎవరూ బండేసుకుని వానలో తిరగరు. వంటింట్లోంచే గొంతులు వింటూ ఉంటాను. ఈయన బతికే ఉన్నారు, మరిది బతికే ఉన్నాడు, అమ్మాయి ఆవులించింది కాబట్టి అదీ బతికే ఉంది. ఏ సీసీ కెమెరా ఇస్తుందండీ ఇంత భరోసా?

చుట్టాలు పూట కంటే ఎక్కువ ఉండరు. ఇంటి ఓనరు, మేం గోడకి మేకులు కొట్టామని తగువుకొచ్చాడు. మరిది కుర్చీ వేసి, "మేకు కొట్టడం మీరు స్వయంగా చూశారా? విన్నారా? విన్నవాళ్ళ దగ్గర విన్నారా?" అని మొదలెట్టాడు. పాపం, ఆ పెద్దమనిషి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు! దోమలు కూడా తగ్గాయని నా అనుమానం. రుజువు అడక్కండి.

అంతెందుకు, నాకెంత జ్ఞానం వచ్చిందనుకున్నారు! జలప్రళయంలో జంతువులన్నిటినీ జంటలుగా ఎక్కించుకున్న నోవహు ఓడ నిజమా కాదా అని వాళ్ళు కొలతలేసుకుంటుంటే నాకు చెమటలు పట్టాయి. పులి పక్కన మేకా! ఆ వానలో, ఆ చీకట్లో, ముగ్గురు కోడళ్ళతో ఆ నోవహు ఇల్లాలు కంటి మీద కునుకేసి ఉంటుందా? "ఇంతకీ ఆవిడ పేరేంటండీ?" అని అడిగాను. రాయలేదట! అన్ని జంతువులకి గంజి ఎవరు కాచారో ఒక్కరూ రాయలేదట!

మొన్న ఆదివారం మావారు తన బ్రహ్మాస్త్రం తీశారు.

"యేసు లేచాడని, సమాధి ఖాళీగా ఉందని ముందు చూసొచ్చి చెప్పిందెవరు? ఆడవాళ్ళు! మగవాళ్ళు నమ్మారా? వెర్రిమాటలని కొట్టిపారేశారు. అదే నిజమనడానికి గుర్తు! కట్టుకథే అయితే ఆడవాళ్ళ చేత చెప్పిస్తారట్రా? ఆ రోజుల్లో ఆడవాళ్ళ మాటకి విలువేదీ!"

"ఆ రోజుల్లో" అట!

సరిగ్గా అప్పుడే నేను పప్పుగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఆ ఫ్యాను ఊగుతోందండీ" అన్నాను.

"నువ్వుండవే, మంచి పాయింటు మీద ఉన్నాను."

"వదినా, ఫ్యానన్నాక ఊగుతుంది. తిరిగే వస్తువు కదా," అన్నాడు మరిది.

అన్నదమ్ములు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే!

నా కళ్ళు మాత్రం అమ్మాయి పాపిట మీదే ఉన్నాయి. కుర్చీ జరగమంటే జరగదు. పెళ్ళికెదిగిన పిల్లని చెయ్యి పట్టుకుని లాగలేను. ఏం చెయ్యను? వంటింట్లోకి వెళ్ళి కేకేశాను: "అమ్మడూ! గ్యాసు వాసనొస్తోంది, ఒక్కసారి రావే!"

"నీకెప్పుడూ వస్తూనే ఉంటుందమ్మా," అని గొణుక్కుంటూ లేచింది. గుమ్మం దాటిందో లేదో, ధడేల్! ఫ్యాను కుర్చీలో కూర్చుంది.

ఎవరికీ గీత కూడా పడలేదు. పప్పుగిన్నె మాత్రం నా చేతిలోంచి జారిపోయింది. నేను అమ్మాయి తల తడిమి, చేతులు తడిమి, మళ్ళీ తల తడిమాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఎలా పడిందండీ?" అని అడిగాడు. అడక్కూడని ఇంట్లో అడిగాడు పాపం! పెద్ద శబ్దంతో పడిందన్నారు మావారు. చడీచప్పుడూ లేకుండా పడిందన్నాడు మరిది. ముందు లైటు ఆరిందంది అమ్మాయి. అసలు లైటే వేయలేదన్నాను నేను. ఒకే గది, ఒకే ఫ్యాను, నాలుగు సాక్ష్యాలు! ఒక్కటీ కలవలేదు. అలాగని ఫ్యాను పడలేదని అనగలరా ఎవరైనా? రెక్క వంగిపోయి కుర్చీలో ఉంటేనూ!

"పడేముందు ఎప్పుడైనా చప్పుడొచ్చిందా?" అన్నాడు అతను.

"లేదు," అన్నారు ముగ్గురూ. ఇక్కడ మాత్రం బాగా కలిసింది!

మావారైతే ఇంకో మెట్టెక్కారు. "వస్తే మా ఆవిడ చెప్పకుండా ఉంటుందా? ఆవిడకి అన్నిటికీ భయమే!"

ఇప్పుడు మా ఇంట్లో వాదన మారింది. అమ్మాయి ఆ క్షణంలో కుర్చీలోంచి ఎందుకు లేచింది? దేవుడే లేపాడని మావారు. ఈ ఆదివారం ప్రార్థనలో సాక్ష్యం కూడా చెప్తారట. కాకతాళీయమని మరిది. ఫోన్ చార్జర్ కోసం లేచానేమో, సరిగ్గా గుర్తులేదని అమ్మాయి.

నేను పిలిచానర్రా!

దేవుడు లేపాడంటే కాదనను. కళ్ళు మూసుకుని దణ్ణం పెడతాను. కానీ ఆయన లేపింది నా గొంతుతో అని ఎక్కడో ఒకచోట రాయొద్దూ?

"ముందే చెప్పావనడానికి రుజువేంటి వదినా?" అంటాడు మరిది. చూసినవాళ్ళు వెంటనే రాస్తే దానికి విలువెక్కువని వీళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. అందుకే నేల మీద పప్పు మరక పోకముందే రాసేస్తున్నాను. చెప్పింది నేనే. పిలిచింది నేనే.

పనిలో పనిగా ఇది కూడా రాసి పెడుతున్నాను. వంటింటి అటక ఒక పక్కకి ఒరుగుతోంది. చెప్పాను. "వెర్రిమాటలు" అన్నారు. పడ్డాక దాన్ని చరిత్రంటారు. పొద్దున్నే మావారు కాఫీ తాగే కుర్చీని మాత్రం దాని కిందనుంచి ఇప్పుడే జరిపొచ్చాను.