హబక్కూకు వ్యాఖ్యాతకు సంతాపం

ఆ బుధవారం ఉదయం డెన్నిస్ థ్వేట్ పెట్టుకున్న పని చిన్నదే. టోస్టు తినాలి, ఒక ఉత్తరం పోస్టులో వేయాలి, ఆ తర్వాత నడుము ఒప్పుకున్నంతసేపు స్కానరు ముందు కూర్చోవాలి. హెక్సామ్ ఊరి లైబ్రరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఎవరూ మళ్లీ అచ్చువేయని పాత బైబిలు వ్యాఖ్యానాలను పదకొండేళ్లుగా పేజీ పేజీ స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా తన వెబ్‌సైటులో పెడుతున్నాడు. పుణ్యం సంగతి తెలియదు గానీ, మెడనొప్పి మాత్రం దక్కింది.

ఆ ఉత్తరం డాక్టర్ కత్‌బర్ట్ ఐన్స్‌కో రాసిన హబక్కూకు వ్యాఖ్యానం గురించి. బైబిలులో మూడే అధ్యాయాలున్న ఆ ప్రవక్త గ్రంథానికి ఆరువందల పేజీల వివరణ. 1958లో అచ్చయింది, తర్వాత ప్రచురణకర్తలు దుకాణం మూసేశారు. వారసుల అనుమతి లేనిదే పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని డాక్టరుగారు ఒకప్పుడు పనిచేసిన ఊరి చర్చికి, కీర్తిశేషులైన ఐన్స్‌కో గారి వారసులెవరో చెప్పగలరా అని రాశాడు. ఆయన పోయినట్టు డెన్నిస్‌కు ఎవరూ చెప్పలేదు. అంత పాత పుస్తకం కదా అని, మర్యాదకు 'కీర్తిశేషులైన' అన్న ముక్క చేర్చాడు.

ఆ చర్చి పాస్టరు ప్రూడెన్స్ గారికి మూడు చర్చిలు, ఒకటే కారు. ఆరా తీసే తీరిక లేక, ఆదివారం ఆయన ఆత్మశాంతికి ప్రార్థన చేయించేసింది. ఆ ప్రార్థన విన్నవారెవరో ఆయన చదివిన కాలేజీకి చెప్పారు. కాలేజీ సంతాపం ప్రకటించింది. దాన్ని చూసి, అయ్యో, నిజంగానే పోయారన్నమాట అని డెన్నిస్ బాధపడ్డాడు. ఫోను చేసిన పత్రికవాళ్లకు ఆ మాటే ధ్రువీకరించాడు కూడా. లీడ్స్‌లో ఉన్న మేనల్లుడు పత్రిక చూసి, ఏళ్లుగా మొహం చూడని మేనమామ పుస్తకానికి వెంటనే అనుమతి రాసిచ్చాడు. డెన్నిస్ పుస్తకం పెట్టేశాడు. ఆ మరుసటి వారం శనివారం సంస్మరణ సభ అన్నారు. పుస్తకం చదివినవాడు ఇంకెవరూ దొరకక, డెన్నిస్‌నే మాట్లాడమన్నారు.

శుక్రవారం అతని భార్య హిల్డా నల్లకోటు ఇస్త్రీ చేస్తుండగా ఫోను మోగింది.

"థ్వేట్ గారేనా? నేను ఐన్స్‌కోని. రేపు నా సభ ఎన్నింటికండీ? వృద్ధాశ్రమం వాళ్లు వ్యాను కావాలంటే ముందే చెప్పమంటున్నారు."

డెన్నిస్ ఎన్నిసార్లు క్షమాపణ చెప్పుకున్నాడో అతనికే గుర్తులేదు. పెద్దాయన నొచ్చుకోలేదు. సంతాపాలన్నీ చదివించుకున్నారట, తొంభై ఆరేళ్లలో తన గురించి ఒక్కరూ అన్ని మంచిమాటలు అనలేదట.

"నా పుస్తకం మీరు చదివారా?" అని అడిగారు చివరికి.

"రెండుసార్లు చదివానండి."



"పెట్టేముందు నన్నొక్కమాట అడగాల్సింది నాయనా. అదంతా తప్పు."

అచ్చయిన రెండేళ్లకే తప్పు తెలిసిందట. సిగ్గుతో మరి ప్రచురించలేదు. పుస్తకం కనుమరుగైతే బతుకుజీవుడా అనుకున్నారు. ఇప్పుడేమో, ఆయన చావు పుణ్యమా అని, పదకొండు రోజుల్లో నాలుగువందల మంది దాన్ని వెబ్‌సైటులోంచి దించుకున్నారు. మూడు వారాల చాకిరీ కళ్లముందు మెదిలినా, ఇప్పుడే తీసేస్తానన్నాడు డెన్నిస్ నీరసంగా.

"తీయొద్దు. నేనెక్కడ తప్పానో జనానికి తెలియాలిగా. పక్కనే దిద్దుబాటు పెడదాం. అరవై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాను. చేతిరాతే, మీరు టైపు చేసుకోవాలి."

సోమవారం తొమ్మిది పెట్టెలు దిగాయి. నడవలో మనిషి పట్టడానికి చోటు లేదు. హిల్డా ఒక మూత ఎత్తి, చీమల బారులాంటి ఆ రాత చూసి, మళ్లీ మూసింది.

"వారసులు దొరికితే చాలన్నావు డెన్నిస్. మనిషే దొరికాడు."

మొదటి అధ్యాయం పూర్తికావడానికి ఇంకా ఆరు పెట్టెలు పంపాలట. ఆయన ఆరోగ్యం దివ్యంగా ఉందని ఆశ్రమంవాళ్లు హామీ ఇచ్చారు.